పంచితేనే పూసే పసుపు

ఐరిస్ దుంప ఒక్కసారే పూస్తుంది. మే నెలలో దాని కొస నుంచి కాడ లేచి, కొమ్మలు వేసి, మొగ్గలు ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకుని వాడిపోయాక ఆ దుంప మరి కాడ వేయదు. అలాగని చచ్చిపోదు. రెండు పక్కలా పిల్లలు వేస్తుంది. తనలో దాచుకున్న బలంతో వాటిని కొన్నాళ్లు పోషిస్తుంది. వచ్చే ఏడాదో, ఆ పై ఏడాదో పూసేది ఆ పిల్లలే. ఇలా మూడు నాలుగేళ్లు గడిచేసరికి పిల్లలు, పిల్లల పిల్లలు, మధ్యలో పూసి ముగిసిన ముసలి దుంపలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పెనవేసుకుంటాయి. ఆకులు గుబురుగా ఉంటాయి కానీ పూలు తగ్గిపోతాయి. అప్పుడు గుత్తిని తవ్వి తీసి, కత్తితో విడదీసి, సగానికి పైగా ఎవరికైనా ఇచ్చేయాలి. ఇవ్వకుండా అట్టేపెట్టుకుంటే ఉన్నచోటే మగ్గి, పూయడం దాదాపు మానేస్తుంది.

తోటపనిలో తెలుసుకున్న వాటిలో నా మనసును ఇంతగా పట్టుకున్నది మరొకటి లేదు. మొక్కను ప్రేమించడమంటే దగ్గర ఉంచుకోవడమే అనుకుంటాం. నీళ్లు పోస్తాం, ఎరువు వేస్తాం, చుట్టూ కంచె కడతాం. ఐరిస్‌కు వీటన్నిటికంటే ముందు కావలసింది విడదీసే చెయ్యి. ఆ వెంటనే, పుచ్చుకునే ఇంకో చెయ్యి.

మాది మధ్య న్యూజెర్సీ. ఇక్కడి తెలుగువాళ్ల పెరళ్లలో వేసవంతా గోంగూర, బీరపాదు, ఆనపపాదు, కుండీల్లో కరివేపాకు. అక్టోబరు ముదిరేసరికి కరివేపాకు కుండీ ఇంట్లోకి చేరుతుంది, మిగతావన్నీ మంచుకు నల్లబడి పోతాయి. ఐరిస్ ఆ జట్టులోది కాదు. దానికి చలి కావాలి. వారాల తరబడి గట్టి చలి తగిలితే తప్ప, కింది రేకుల మీద నూగు ఉండే ఈ బియర్డెడ్ ఐరిస్‌లు సరిగ్గా పూయవు. అందుకే మన ఊళ్ల నర్సరీల్లో అవి కనిపించవు. కానీ వాటి చుట్టాలు మనకు కొత్తవేం కాదు. పూలగుత్తుల్లో పెట్టే గ్లాడియోలస్ ఆ కుటుంబానిదే, పాయసంలో వేసే కుంకుమపువ్వూ ఆ కుటుంబానిదే. హైదరాబాదులో, బెంగళూరులో నీడపట్టున కుండీల్లో పెంచే వాకింగ్ ఐరిస్ కూడా అంతే. దానికీ పసుపు పువ్వే, ఉదయం విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుపోతుంది. పువ్వు పోయిన కాడ కొసన ఓ పిల్ల మొక్క పుట్టి, దాని బరువుకి కాడ వంగి నేలను తాకి, తాకిన చోట వేరు పడుతుంది. ఆ కుటుంబంలో కొన్నిటికి ఉన్నచోట ఉండటం ఇష్టం ఉండదు కాబోలు.

నా మొదటి పసుపు ఐరిస్‌లు కొన్నవి కావు. పక్కింటి పెద్దావిడ ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతూ, కాగితం సంచిలో వేసి ఇచ్చారు. ఆవిడకు వాళ్ల అత్తగారు ఇచ్చారట. అత్తగారికి ఎవరిచ్చారో తెలియదు. పేరూ తెలియదు. "పసుపువి" అన్నారు, అంతే. మరుసటి మే నెలలో పూశాయి. నిమ్మపండు తొక్కకంటే లేత రంగు, కింది రేకుల మొదట్లో సన్నని గోధుమ గీతలు, దగ్గరికెళితే మెత్తని తీపి వాసన. ఇప్పటి కేటలాగుల్లో కనిపించే అంచులు నొక్కుల పెద్ద పూలలాంటివి కావవి. రేకులు చిన్నవి, పల్చనివి, గాలికి కదులుతాయి.

న్యూజెర్సీలో ఐరిస్ పెంచేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు మాంట్‌క్లేర్ వెళతారు. అక్కడ కొండవాలున ప్రెస్బీ మెమోరియల్ ఐరిస్ గార్డెన్స్ ఉన్నాయి. అమెరికన్ ఐరిస్ సొసైటీ స్థాపకుల్లో ఒకరైన ఫ్రాంక్ ప్రెస్బీ జ్ఞాపకార్థం 1927లో మొదలైన తోట అది. పదివేలకు పైగా మొక్కలు, వాటిలో శతాబ్దాల నాటి రకాలు కూడా, పేరూ సంవత్సరమూ రాసిన చీటీలతో. మే మూడో వారంలో అక్కడ నడుస్తూ పాత రకాల మడి దగ్గర ఆగిపోయాను. మా పెరటి నిమ్మపసుపు అక్కడ నిలబడి ఉంది. చీటీ మీద 'ఫ్లావెసెన్స్' అని ఉంది.

దాని గురించి చదివాక ఆ మొక్కను చూసే నా చూపే మారిపోయింది. పాత రకాల జాబితాల్లో అది స్విట్జర్లాండ్‌కు చెందిన వృక్షశాస్త్రవేత్త డి కాండోల్ పేరుతో, 1813 నాటిదిగా ఉంది. అది అడవి మొక్క కాదు, రెండు రకాలు కలిసి పుట్టిన సంకరం. గింజ వేస్తే అదే మొక్క రాదు. దుంప ముక్క నాటితేనే అది అదవుతుంది. అంటే 1813లో ఆ పేరుతో నమోదైందీ, ఓడలెక్కి అమెరికా వచ్చిందీ, పాత పొలాల దగ్గర ఇళ్లు కూలిపోయాక కూడా గుమ్మం ఉండిన చోట ఇంకా పూస్తున్నదీ, శ్మశానాల గోడల వెంట ఎవరూ చూడకుండా పెరుగుతున్నదీ, మా కంచె పక్కనున్నదీ ఒక్కటే మొక్క. రెండు వందల ఏళ్లకు పైగా దాన్ని ఎవరో ఒకరు తవ్వి, కోసి, ఇంకొకరికి ఇస్తూ వచ్చారు. ఒక్క తరంలో అందరూ చేతులు ముడుచుకుని ఉంటే అది మా కంచె దాకా వచ్చేది కాదు. ఎవరి పేర్లూ ఎక్కడా లేవు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లే అయి ఉంటారని నా నమ్మకం. కాపురాలు మారేటప్పుడు, కూతుళ్లకు పెళ్లిళ్లయినప్పుడు, పొరుగింటికి పురుడు చూడటానికి వెళ్లేటప్పుడు చేతిలో పట్టుకెళ్లి ఉంటారు.

ఇక పెంపకం సంగతి. దుంపను జూలై చివరి నుంచి సెప్టెంబరు లోపల నాటాలి. గట్టి మంచు పడే ముందు కనీసం ఆరు వారాలు దానికి వేరు పట్టుకునే వ్యవధి ఉండాలి. రోజుకు ఆరు గంటలకు తక్కువ కాకుండా ఎండ పడాలి. నీళ్లు నిలవని నేల కావాలి. మా ప్రాంతంలో బంకమట్టి కాబట్టి మడిని కాస్త ఎత్తు చేసుకుంటాను. గొయ్యి తీసి, మధ్యలో మట్టిని చిన్న గట్టులా పెట్టి, దుంపను దానిమీద కూర్చోబెట్టి, వేళ్లను రెండు పక్కలకూ దించి మట్టి నొక్కాలి. దుంప వీపు మాత్రం బయటికి కనబడాలి. లేదా కప్పీ కప్పనట్టు, పైపైన మట్టి ఉండాలి. లోతుగా పాతితే అక్కడే ఏళ్లు గడిచినా పూయదు, లేదా కుళ్లిపోతుంది.

అమ్మ ఓ వేసవిలో వచ్చినప్పుడు ఇదే చూసి ఊరుకోలేకపోయింది. అమ్మ పుట్టిల్లు దుగ్గిరాల దగ్గర. పసుపు మార్కెట్టు ఉన్న ఊరి గాలి పీల్చి పెరిగిన మనిషి.

"అదేంటే, మట్టి కప్పకుండా అలా వదిలేశావు? ఎండకి మాడిపోదూ?"

"ఎండ తగలాలనే అమ్మా. కప్పితే కుళ్లిపోతుంది."

"చూస్తే మన పసుపు కొమ్ములాగే ఉంది. పసుపుని ఎవరైనా పైకి తేల్చి నాటతారా?"

అమ్మ చెప్పిన పోలిక సరైనదే. రెండూ నేలలో అడ్డంగా పాకే కాండాలే. రెండిటికీ తల్లి దుంప ఉంటుంది, పిల్ల కొమ్ములు ఉంటాయి. రెండిటినీ విత్తనంతో కాకుండా ముక్కతోనే నాటతారు. కానీ పసుపు వానలతో పాటు నేలలోకి వెళ్లి, తడిలో, చీకట్లో ఊరుతుంది. ఐరిస్ దుంపకు వేసవి ఎండ వీపు మీద పడాలి. ఆ వేడికి ఆరుతూ గట్టిపడటం దాని ఆరోగ్యం. అమ్మకు అది మనసుకు పట్టడానికి కొంత సమయం పట్టింది. మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసుతో వెళ్లి, కొత్తగా నాటిన దుంపల మీద రాత్రి వానకు కొట్టుకొచ్చిన మట్టిని వేలితో తీసేస్తూ కనిపించింది.

నీళ్లు కూడా అంతే. నాటిన కొత్తలో తడి కావాలి. వేరు పట్టాక, ఎండలు మరీ దంచేస్తే తప్ప, వానే చాలు. ఎరువు అతి తక్కువ. నత్రజని ఎక్కువైతే ఆకులు లేతగా ఏపుగా పెరిగి దుంప మెత్తబడుతుంది, అక్కడే కుళ్లు మొదలవుతుంది. జింకల బెడద మాత్రం ఉండదు. ఈ చుట్టుపక్కల తులిప్‌లను మొగ్గల్లోనే మేసేసే జింకలు ఐరిస్ ఆకుల జోలికి సాధారణంగా రావు.

దీని అసలు శత్రువు ఐరిస్ బోరర్ అనే పురుగు. దాని రెక్కల పురుగు శరదృతువులో ఎండుటాకుల మీద గుడ్లు పెడుతుంది. గుడ్లు మంచులో శీతాకాలమంతా ఉండి ఏప్రిల్, మే నెలల్లో పగులుతాయి. వెంట్రుక మందాన ఉన్న పిల్ల పురుగు ఆకులోకి దూరి, లోపలే తింటూ కిందికి దిగి, జూలై నాటికి దుంపలోకి చేరి, లావెక్కి, దుంపను డొల్ల చేస్తుంది. అది చేసిన గాయం గుండా బాక్టీరియా ప్రవేశిస్తే దుంప ముద్దయి భరించలేని కంపు కొడుతుంది. మందు కొట్టడం కంటే నవంబరులో ఎండిన ఆకులన్నీ ఏరి చెత్తలో పారేయడం మేలు. గుడ్లు వాటితోనే పోతాయి. వసంతంలో ఆకు మీద తడిసినట్టుండే సన్నని చార కనిపిస్తే ఆ చార కింద వేళ్లతో గట్టిగా నొక్కాలి. లోపలి పురుగు చస్తుంది. కుళ్లు పట్టిన దుంపను పీకేయనక్కర్లేదు. చెంచాతో మెత్తనిదంతా గట్టి కండ కనిపించేదాకా గీకేసి, ఒక పాలు బ్లీచ్ తొమ్మిది పాళ్ల నీళ్లలో కలిపి తుడిచి, ఎండకు వదిలేస్తే చాలాసార్లు తేరుకుంటుంది. గీకేటప్పుడు చెయ్యి వణకకూడదు. చెడిన దానిలో కొంచెం మిగిల్చినా మొత్తం పోతుంది.

పూసే రోజులు కొద్ది. ఒక్కో పువ్వు రెండు మూడు రోజులు. కాడ మీద మొగ్గలు వంతులవారీగా విచ్చుకుంటాయి కాబట్టి గుత్తి మొత్తం రెండు మూడు వారాలు నిలుస్తుంది. ఆ రోజుల్లో నేను చేసే పనల్లా వాడిన పువ్వును తుంచడం, తేనెటీగలను చూడటం. ఐరిస్ పువ్వు కట్టుబడి చూస్తే మనిషి చేసిన ఏ తలుపూ దాని ముందు నిలవదనిపిస్తుంది. మూడు రేకులు పైకి లేస్తాయి, మూడు కిందికి వాలతాయి. కిందికి వాలిన ఒక్కో రేకు మీద పసుపు నూగు పట్టీ, దానికి పైకప్పులా కీలం తాలూకు రేకులాంటి భాగం. అంటే ఒక్క పువ్వులో మూడు గుమ్మాలు. తేనెటీగ దృష్టిలో అవి మూడు వేర్వేరు పూలు. అది లోపలికి దూరేటప్పుడు వీపు మీది పుప్పొడి పైనున్న చిన్న పెదవిలాంటి కీలాగ్రానికి రాసుకుంటుంది. లోపల కేసరం నుంచి కొత్త పుప్పొడి అంటుకుంటుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఆ పెదవి వెనకవైపు మాత్రమే తగులుతుంది. ఆ వైపు పుప్పొడిని పుచ్చుకోదు. ఒక గుమ్మంలో తీసుకున్నది అదే గుమ్మంలో దించే వీలు లేదు, ఇంకో చోటికి మోసుకెళ్లాల్సిందే.

పెద్ద పువ్వులో మంచి పసుపు తేవడానికి ఎంతమంది ఎన్నేళ్లు పాటుపడ్డారో చదివితే ఆశ్చర్యం వేస్తుంది. మధ్య యూరప్‌లో పెరిగే ఐరిస్ వేరియగేటాలో పసుపు ఉంది కానీ మొక్క పొట్టిది, పువ్వు చిన్నది. తూర్పు నుంచి వచ్చిన పెద్ద పూల రకాలన్నీ ఊదా రంగువి, వాటి క్రోమోజోములు రెట్టింపు. రెండిటినీ కలిపితే పసుపు దిగదు, లేదా గింజ పట్టదు. ఇంగ్లండ్‌లో చార్టర్‌హౌస్ బడిలో పాఠాలు చెప్పిన విలియం రికాట్సన్ డైక్స్ జీవితంలో పెద్ద భాగం ఈ పూలకే ఇచ్చారు. 1913లో ఆయన రాసిన 'ది జీనస్ ఐరిస్' గ్రంథం ఈ పూల మీద పని చేసేవాళ్లకు ఇప్పటికీ మూలాధారం. 1925లో కారు ప్రమాదంలో పోయారు. 1926లో ఆయన తోటలో పుట్టిన ఒక పెద్ద పసుపు ఐరిస్ ఆయన పేరుతోనే బయటికొచ్చింది. రేకులు ముడతలు పడేవట, మీద అక్కడక్కడ ఊదా చుక్కలు కూడా. అయినా ఆ తర్వాతి పసుపు రకాల్లో ఎన్నో దాని సంతానమే. మంచి ఐరిస్‌కు ఇచ్చే అత్యున్నత పతకం 1927 నుంచి ఆయన పేరు మీదే ఉంది. మా పెరట్లో బంగారు పసుపు రంగు పెద్ద పూల రకం ఒకటుంది. అది పూసినప్పుడల్లా ఆయన చూడలేకపోయిన రంగులెన్నో కదా అనుకుంటాను.

ఇప్పటివరకు చెప్పింది ఇచ్చి తీరాల్సిన పసుపు గురించి. ఎవరికీ ఇవ్వకూడని పసుపు కూడా ఒకటుంది, అది కూడా ఐరిసే. యెల్లో ఫ్లాగ్ అంటారు. లిన్నేయస్ 1753లో ఐరిస్ సూడకోరస్ అని పేరు పెట్టారు. నీటి ఒడ్డున మనిషి నడుము ఎత్తు దాటి పెరిగి, నిండు పసుపు పూలు పూస్తుంది. యూరప్, పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా దాని సొంత ఊళ్లు. అక్కడ దాని మీద గౌరవం ఉంది, అది న్యాయమే. సెన్ నది చిత్తడి నేలల్లో పుట్టిన బ్రస్సెల్స్, తన ప్రాంతపు జెండా మీద నీలం నడుమ ఈ పసుపు ఐరిస్‌నే పెట్టుకుంది. ఫ్రాన్స్ రాజుల ముద్ర మీది పువ్వు కూడా ఇదేనని చాలామంది అంటారు. నీళ్లలోని భార లోహాలను పీల్చుకునే గుణం ఉండటంతో మురుగునీటిని శుభ్రం చేసే మడుల్లో దీన్ని నాటతారు కూడా.

అదే మొక్క అమెరికాకు 18వ శతాబ్దంలో తోటల అందం కోసం వచ్చింది. దానికి విడదీసే చెయ్యి అక్కర్లేదు. గింజ తొక్కలో గాలి ఉంటుంది, నీళ్ల మీద నెలల తరబడి తేలుతుంది. వరదకు విరిగిన దుంప ముక్క ఎక్కడ ఆగితే అక్కడ వేరు పడుతుంది. దుంపలు చాపలా అల్లుకుని ఒడ్డును ఆక్రమిస్తే అక్కడి తుంగ, జమ్ము, స్థానికమైన నీలి ఐరిస్ చోటు కోల్పోతాయి. పశువులు దాన్ని మేయవు, మేస్తే జబ్బు చేస్తుంది. మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో అమ్మకం మీద నిషేధం ఉంది. కృష్ణా డెల్టా కాలువల పక్కన పెరిగినవాళ్లకు ఈ కథ విప్పి చెప్పనక్కర్లేదు. గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికా నుంచి ఊదా పూల అందం కోసమే మన దేశం వచ్చింది. నీళ్లు కనబడకుండా కాలువ నిండిపోవడం అమ్మ చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది.

మా స్నేహితురాలొకరు ఇంటి వెనక చిన్న చెరువు తవ్వించుకుని, ఒడ్డున వేయడానికి యెల్లో ఫ్లాగ్ ఎక్కడైనా దొరుకుతుందా, నువ్వు ఐరిస్‌లు పెంచుతావు కదా తెచ్చిపెట్టు అంది. వాళ్ల చెరువు నీళ్లు నిండితే వెనకున్న వాగులోకి పోతాయి. నేను కుదరదన్నాను. పువ్వు అడిగితే కాదనడం నాకు చేతకాని పని. అడిగినవాళ్లకు దుంప ఇవ్వకుండా ఎన్నడూ పంపలేదు. కానీ వాగు మన పెరడు కాదు. అందులో మనకు తెలియకుండా బతికేవి చాలా ఉన్నాయి, వాటిని ఎవరూ అడగరు. ఆవిడ నొచ్చుకుంది. కొన్నాళ్లు ఫోను కూడా చేయలేదు. తర్వాత ఇద్దరం కలిసి ఈ ప్రాంతపు సొంత మొక్కలమ్మే నర్సరీకి వెళ్లి, నీలి ఐరిస్ వెర్సికలర్ తెచ్చాం. పసుపే కావాలన్నందుకు ఇక్కడి చిత్తడి నేలల్లో సహజంగా పెరిగే మార్ష్ మేరిగోల్డ్ తెచ్చాం. అది ఏప్రిల్‌లోనే, ఐరిస్‌ల కంటే ముందే, ముదురు పసుపుగా పూస్తుంది. చెరువుకు దూరంగా, దక్షిణం వైపు గట్టు మీద మా ఫ్లావెసెన్స్ ముక్కలు నాటాం. అక్కడ నీళ్లు నిలవవు, గింజ పారదు, కోసి ఇస్తే తప్ప అది కదలదు.

ఇవ్వడంలో కూడా ఓ వివేకం ఉందని నేను ఈ రెండు పసుపుల మధ్యే గ్రహించాను. ఒకటి నా చేతిలో ఉండిపోతే మగ్గిపోతుంది. ఇంకొకటి నా చేయి దాటితే వేరేవాటిని చంపుతుంది. చూడటానికి రెండూ పసుపే, రెండూ ఐరిసే. ఏది ఏదో తెలుసుకునే కష్టం మాత్రం పెంచేవాళ్ల మీదే పడుతుంది. ఆ కష్టం పడకుండా చేసే దానాన్ని నేను దానమనుకోలేను.

ఈసారి ఆగస్టులో తవ్వాల్సిన గుత్తులున్నాయి. కంచె పక్కనున్నది కిందటి మే నెలలో సరిగ్గా పూయలేదు, ఆకులు మాత్రం బలంగా ఉన్నాయి. గడ్డపారతో చుట్టూ వదులు చేసి మొత్తం ఎత్తి, మట్టి దులిపి, నీళ్లతో కడిగి చూస్తే ఏది ముసలిదో ఏది పడుచుదో కంటికే తెలుస్తుంది. మధ్యలోని డొల్ల దుంపలు పారేసి, ఆకుల విసనకర్ర ఉన్న గట్టి ముక్కలు ఉంచుకోవాలి. ఆకులను జానెడు మిగిల్చి కత్తిరించి, కోసిన చోటు ఆరేదాకా ఒకటి రెండు రోజులు నీడలో పరుస్తాను. కత్తిని ప్రతి గుత్తికీ బ్లీచ్ నీళ్లలో ముంచుతాను. రసం కొందరి చర్మానికి దురద పెడుతుంది కాబట్టి గ్లౌజులు వేసుకుంటాను. పసిపిల్లలో, కుక్కలో ఉన్న ఇంటికి ఇచ్చేటప్పుడు, దుంప కొరికితే విషమని ముందే చెబుతాను.

దగ్గర్లో ఉన్నవాళ్లెవరికైనా కావాలంటే ఆగస్టు మొదట్లో రండి. నిమ్మపసుపు దుంపలు ఎక్కువే వస్తాయి, బంగారు పసుపువి కాస్త తక్కువ. ఆరు గంటలు ఎండ పడే జానెడు చోటు చూసుకుని రండి, చాలు. కాగితం సంచి నేనిస్తాను.